ఎడిన్‌బరోలో ఆర్నెల్లు, మూడు గోల్ఫ్ కర్రలు

పిల్లల దగ్గరికి వెళ్ళి ఆర్నెల్లు ఉండొచ్చిన మా ఈడు వాళ్ళని ఎవరినైనా అడగండి, మొదటి మూడు వారాలు ఊళ్ళు చూశామని ఉత్సాహంగా చెప్తారు. ఆ తర్వాత ఏం చేశారంటే మాత్రం కాస్త ఆగి, "ఏముంటుంది, ఇంట్లోనే" అంటారు. కొడుకూ కోడలూ ఆఫీసుకి పోతే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే బస్సులు చూడటం, మన టైముకి ఇక్కడి చుట్టాలకి ఫోన్లు చేయడం, సాయంత్రం పార్కులో రెండు రౌండ్లు నడిచి రావడం. 2024 ఏప్రిల్ చివర్లో మేం స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో మావాడి దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ అంతే అనుకుని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గోల్ఫ్ ఆడటం వచ్చింది. ఆర్నెల్లలో నా ఆటకి మొత్తం అయిన ఖర్చు 202 పౌండ్లు, అప్పటి లెక్కన 21 వేల పైచిలుకు.

ఈ మాట చెప్పగానే విశాఖలో నాకు రెండు రకాల జవాబులు వచ్చాయి. "గోల్ఫా! అది డబ్బున్నవాళ్ళ ఆట కదండీ" అని కొందరు. "మీ అబ్బాయికి బాగా జరుగుతున్నట్టుంది" అని ఇంకొందరు. రెండూ తప్పే. ఎందుకు తప్పో కాస్త వివరంగా చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. ఈ అపోహ వల్ల నాలాంటి ఆడవాళ్ళు, అరవై దాటినవాళ్ళు, పిల్లల జీతం మీద బరువు కాకూడదని ప్రతి పౌండుకీ లెక్క చూసుకునేవాళ్ళు వాకిట్లో ఉన్న ఆటని కూడా చూసీ చూడనట్టు దాటిపోతున్నారు.

మావాడు ఉండేది మార్చ్‌మాంట్‌లో, పాతకాలపు రాతి మేడలో మూడో అంతస్తు. కిందకి దిగి ఐదు నిమిషాలు నడిస్తే బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అని ఒక పచ్చిక మైదానం. కంచె లేదు, గేటు లేదు, టికెట్ ఇచ్చే మనిషి లేడు. కుక్కల్ని తిప్పేవాళ్ళు, దుప్పటి పరుచుకుని చదువుకునే యూనివర్సిటీ పిల్లలు, వాళ్ళ మధ్య అక్కడక్కడా చిన్న చిన్న జెండాలు. మొదటి వారం అవేవో మున్సిపాలిటీ వాళ్ళు పాతిన గుర్తులనుకున్నాను. కోడలు చెప్పింది, "అవి గోల్ఫ్ హోల్స్ అత్తయ్యా, బంతిని కొట్టి పడేసే గుంతలు, ఎవరైనా ఆడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు" అని. వేసవిలో అక్కడ 36 చిన్న హోల్స్ ఉంటాయి, చలికాలంలో 9కి తగ్గిస్తారు. ఊరి కౌన్సిల్ గడ్డి కోయించి, గుంతలు తవ్వించి, జెండాలు పెట్టిస్తుంది. మనం చేయాల్సిందల్లా ఒక కర్ర, ఒక బంతి పట్టుకెళ్ళడమే.

మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో చెరువు గట్టు కింద మేత పోరంబోకు ఉండేది. పగలు గొడ్లు మేసేవి, సాయంత్రం మేం బిళ్ళంగోడు ఆడేవాళ్ళం. నాకు పదకొండో ఏడు వచ్చేదాకా అన్నయ్యలతో సమానంగా ఆడాను, తర్వాత మాన్పించేశారు, ఆ రోజుల్లో అంతే. బ్రంట్స్‌ఫీల్డ్ కూడా అచ్చం అలాంటి నేలే. వందల ఏళ్ళ కింద ఎడిన్‌బరో ఊరికి దక్షిణాన బర్గ్ మ్యూర్ అనే ఉమ్మడి బంజరు ఉండేదట, గొడ్లు మేపుకునే హక్కు ఊరివాళ్ళకి ఉండేదట. అదంతా ఇళ్ళకింద పోగా మిగిలిన ముక్క ఇది. మా పోరంబోకులో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. వాళ్ళ ముక్కలో ఇంకా ఆడుతున్నారు. తేడా అంతా నాకు అక్కడే కనపడింది.

మొదటి రోజు ఊరికే చూద్దామని వెళ్ళాను. డెబ్భై ఐదు దాటిన పెద్దాయన ఒకరు, చేతిలో రెండే కర్రలు, జేబులో రెండు బంతులు, ఒక్కడే ఆడుకుంటున్నారు. నేను చాలాసేపు నిలబడి చూడటం గమనించి దగ్గరికొచ్చి ఏదో అన్నారు. ఆ యాసలో సగం నాకు అర్థం కాలేదు, కర్ర నా వైపు చాపడం మాత్రం అర్థమైంది. అది వెడ్జ్ అట, మొన ఏటవాలుగా ఉంటుంది, బంతిని పైకి లేపడానికి. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద, గట్టిగా నొక్కొద్దని సైగ చేశారు. రెండుసార్లు గాలిలోనే పోయింది. మూడోసారి టక్‌మని చిన్న చప్పుడు, చేతికి అసలు బరువే తెలియలేదు, బంతి లేచి జెండాకి అవతల పడింది. బంతి ఉన్న చోట అరచేతి మందాన పచ్చిక పెళ్ళ ఒకటి వేళ్ళతో సహా లేచిపోయి అల్లంత దూరాన పడి ఉంది. పెద్దాయన వెళ్ళి దాన్ని తెచ్చారు, లేచిన చోటనే అతికించినట్టు పెట్టి, బూటుతో రెండుసార్లు అదిమారు. తర్వాత నన్నూ అలా చేయమన్నారు. ఆట నేర్పడానికి ముందే నేలని సర్దడం నేర్పించారన్నమాట. నాకు ఆ మనిషి మీదా, ఆ ఆట మీదా ఆ క్షణంలోనే గౌరవం కలిగింది.

ఇక డబ్బు సంగతి. మావాడు ప్రేమ కొద్దీ కొత్త సెట్టు కొనిస్తానన్నాడు, కోచ్ దగ్గర పది క్లాసులు మాట్లాడతానన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. నా వాదన ఏంటంటే, ఈ ఆట ఖరీదైనదని పేరు రావడానికి సగం కారణం సామాను. పద్నాలుగు కర్రల దాకా సంచిలో పెట్టుకోవచ్చని రూలు ఉంది. పెట్టుకోవచ్చని ఉంది గానీ పెట్టుకోవాలని లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మూడు చాలు: వెడ్జ్, దూరం కొట్టడానికి ఏడో నంబర్ ఐరన్, గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డి (గ్రీన్ అంటారు) మీద దొర్లించడానికి పటర్.

ఆ దేశంలో ప్రతి పేటలో చారిటీ షాపులుంటాయి, జనం వాడి ఇచ్చేసిన బట్టలు, పుస్తకాలు, గిన్నెలు అమ్మి ఆ డబ్బు సేవకి వాడతారు. ఏదో ఒక మూల గొడుగుల స్టాండులాంటి దాంట్లో పాత గోల్ఫ్ కర్రలు కనిపిస్తాయి. కోడలూ నేనూ రెండు శనివారాలు తిరిగితే మూడూ దొరికాయి, మొత్తం 14 పౌండ్లు. నేను పొట్టి మనిషిని కాబట్టి ఆడవాళ్ళ సైజువో, పిల్లలవో చూసుకున్నాను. పొడవు కర్రతో నడుం వంకర పోయి నొప్పి పుడుతుంది, పొదుపు కోసం ఆ తప్పు మాత్రం చేయకండి. పట్టుకునే చోట రబ్బరు ఎండిపోయి జారుతుంటే గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్ళతో రుద్ది ఆరబెడితే మళ్ళీ పట్టు వచ్చింది. బంతులు కొత్తవి కొనక్కర్లేదు, చెరువుల్లోంచి, పొదల్లోంచి ఏరినవి కడిగి చవగ్గా అమ్ముతారు. బంతులూ, బంతిని నిలబెట్టే టీ అనే చిన్న పుల్లలూ కలిపి 9 పౌండ్లు అయ్యాయి. బూట్లు నేను రోజూ నడిచే స్పోర్ట్స్ షూసే. సల్వార్ కమీజ్‌లో, పైన వానకోటుతో ఆడాను, ఎవరూ ఏమీ అనలేదు.

ఇక్కడినుంచి సూట్‌కేసులో కర్రలు మోసుకెళ్ళే పని అసలు పెట్టుకోకండి, ఆ బరువులో ఆవకాయా కందిపొడీ పట్టుకెళ్తే పిల్లలు సంతోషిస్తారు.

మే, జూన్ రెండు నెలలూ బ్రంట్స్‌ఫీల్డ్‌లోనే గడిచాయి. అక్కడ జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది. ఎండ కాసిన సాయంత్రాలు మైదానం నిండా పిల్లలు కూర్చుంటారు కాబట్టి అప్పుడు ఆడటం తప్పు, బంతి ఎవరికైనా తగిలితే చిన్న దెబ్బ కాదు. పొద్దున్నే ఏడింటికి వెళ్ళేదాన్ని. గడ్డి మీద మంచు, బంతి దొర్లిన దారి తడిలో గీతలా కనపడేది, ఎటు వంగిందో దాన్ని చూసే నేర్చుకున్నాను. బంతి మనిషి వైపు పోతే "ఫోర్!" అని అరవాలి, మొహమాటపడకుండా గట్టిగా అరవాలి, మన ఆడవాళ్ళకి ఆ అరుపు రావడానికే వారం పడుతుంది. మనవల్ల బయటివాళ్ళకి తగిలే దెబ్బకి ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో కవర్ ఉందో లేదో కూడా బయల్దేరే ముందే చూసుకోండి.

జూలై నుంచి డబ్బు కట్టే కోర్సులకి, అంటే గోల్ఫ్ మైదానాలకి, వెళ్ళాను. ఊరి సొంత కోర్సులు ఐదారు ఉన్నాయి, సభ్యత్వం అక్కర్లేదు, ముందురోజు టైము బుక్ చేసుకుని వెళ్ళడమే. వాటిలో బ్రెయిడ్ హిల్స్ చరిత్ర నాకు చాలా నచ్చింది. బ్రంట్స్‌ఫీల్డ్ చుట్టూ ఊరు పెరిగి, నడిచేవాళ్ళకి ఆట ప్రమాదంగా మారినప్పుడు, పాత క్లబ్బులు సొంత స్థలాలు చూసుకుని వెళ్ళిపోయాయి. సొంత స్థలం కొనుక్కోలేని మామూలు జనం సంగతేంటి? వాళ్ళకోసం 1889లో నగరమే ఆ కొండని కొని కోర్సు చేసింది. ప్రభుత్వం ఆటకోసం కొండ కొనడం! మన దగ్గర కొండలకి ఏం జరుగుతుందో విశాఖవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ గుట్ట మీద నిలబడితే ఒకవైపు కోట, ఇంకోవైపు సముద్రపు పాయ, ఆ గాలికి నా ఏడో నంబర్ బంతి వెళ్ళిన దారినే వెనక్కి వస్తుందేమో అనిపించేది.

నేను ఎక్కువగా 9 హోల్స్ కోర్సులకే వెళ్ళాను, 18 ఆడితే నాలుగు గంటలు పైనే, మోకాళ్ళు ఒప్పుకోవు. ఆర్నెల్లలో డబ్బు కట్టి ఆడింది తొమ్మిది సార్లు, మొత్తం 118 పౌండ్లు. సిటీ బస్సు అప్పట్లో ఎంత దూరమైనా 2 పౌండ్లు, రానూ పోనూ 4. ఒకే సెట్టుతో ఇద్దరు ఆడతామంటే చాలా కోర్సులు ఒప్పుకోవు, మనిషికో సంచి ఉండాలి, దంపతులు వెళ్ళేటప్పుడు గుర్తుంచుకోండి. మరొకటి గట్టిగా చెప్పాలి. కొన్ని కోర్సుల్లో వారానికి ఒకటి రెండు పూటలు మార్షల్‌గా, అంటే ఆట సరిగ్గా సాగేలా చూసే మనిషిగా, నిలబడితే ఊరికే ఆడనిస్తామంటారు. అక్కడే స్థిరపడినవాళ్ళకి అది మంచి బేరమే. విజిటర్ వీసా మీద వెళ్ళిన మనం దాని జోలికి పోకూడదు. డబ్బు చేతికి రాకపోయినా పనికి బదులు లాభం తీసుకున్నట్టే అవుతుంది, పదిహేను పౌండ్ల ఆటకోసం మళ్ళీ వచ్చే వీసాని పణంగా పెట్టుకోవద్దు.

ఆగస్టులో మజిల్‌బరా వెళ్ళాను, సిటీ బస్సులోనే, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడి పాత లింక్స్‌లో 1672 నాటికే ఆడినట్టు రాతపూర్వక ఆధారం ఉంది. ఇప్పుడది గుర్రప్పందేల మైదానం మధ్యలో 9 హోల్స్ కోర్సు. 1874కీ 1889కీ మధ్య ఓపెన్ చాంపియన్‌షిప్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ ఆరుసార్లు జరిగిన చోటు. ప్రపంచంలో ఎక్కడ ఆడినా గోల్ఫ్ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలే ఉంటుంది కదా, ఆ కొలత 1829లో ఇక్కడ గుంతలు తవ్వడానికి చేయించిన పనిముట్టుదే. ఇంత ఘనత ఉన్న చోట ఒక మామూలు బుధవారం పొద్దున నాలాంటిది వెళ్ళి, కౌంటర్లో డబ్బు కట్టి, ఆడొచ్చు.

కానీ నన్ను అక్కడ కట్టిపడేసింది వేరే సంగతి. మజిల్‌బరా చేపలమ్మే ఆడవాళ్ళు. బుట్ట వీపున కట్టుకుని ఎడిన్‌బరో దాకా నడిచి చేపలమ్మి వచ్చేవాళ్ళు. పండగ రోజుల్లో ఆ ఆడవాళ్ళు గోల్ఫ్ ఆడేవారని పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆ ప్రాంతపు పాదిరీ రాసిపెట్టాడు. 1810 డిసెంబర్‌లో అక్కడి గోల్ఫ్ క్లబ్బు మగవాళ్ళు చందాలు వేసుకుని, కొత్త సంవత్సరం పండక్కి జరిగే ఆటలో బాగా ఆడిన చేపలావిడకి బహుమతి ఇవ్వాలని తీర్మానం చేశారు. ఆ బహుమతి ఏంటో తెలుసా? ఒక కొత్త చేపలబుట్ట, ఒక శాలువా.

ఇది చదివాక నేను చాలాసేపు ఆ సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. విశాఖలో జాలారిపేట నుంచి పొద్దున్నే మా వీధికి వచ్చే చేపలావిడ నా కళ్ళముందు మెదిలింది, ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన మనిషి, తలమీద గంప, నడుంమీద చెయ్యి. ఆ భుజాల బలం, ఆ నడక చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది ఆవిడ చేతిలో కర్ర పెడితే బంతి ఎంత దూరం పోతుందో. కానీ ముడసర్లోవ దగ్గరున్న మన గోల్ఫ్ క్లబ్బులోకి ఆవిడ బంతి కోసం కాదు కదా, బుట్ట దించుకోవడానికైనా వెళ్ళగలదా? డబ్బున్నవాళ్ళ ఆట అని మనం అంటున్నామే, ఆ మాట స్కాట్లండ్‌లో పుట్టలేదు. తెల్లదొరలు ఇక్కడికి తెచ్చి, కంచె కట్టి, సభ్యత్వం పెట్టి, బంతులు ఏరడానికి మన పిల్లల్ని కూలికి పెట్టుకున్నప్పుడు పుట్టింది. దొరలు పోయారు, కంచె మిగిలింది. ఆ కంచె లోపల కూలికి ఆటగాళ్ళ సంచులు మోసిన క్యాడీల్లోంచే అలీ షేర్ లాంటి ఆటగాడు వచ్చి 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, ఆ టోర్నీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ ఆటగాడు ఆయనే. బయటివాళ్ళకి చేతకాదని కంచె కట్టలేదు, చోటు ఇవ్వకూడదని కట్టారు.

అక్కడ కూడా ఆట మొదటినుంచీ చవగ్గా లేదు, అది ఒప్పుకోవాలి. ఒకప్పుడు తోలు సంచిలో పక్షి ఈకలు కుక్కి బంతి చేసేవారు, ఒక్క బంతికి టోపీ నిండా ఈకలు పట్టేవట, ఒక పనివాడు రోజుకి మూడో నాలుగో మాత్రమే చేయగలిగేవాడు, తడిస్తే పాడైపోయేది. బంతి ఖరీదు కర్ర ఖరీదుతో సమానంగా ఉండేది. 1848 ప్రాంతంలో మలయా అడవుల చెట్ల జిగురుతో, గట్టా పర్చాతో, బంతి చేయడం మొదలయ్యాక ధర పడిపోయి మామూలు జనం విరివిగా ఆడటం మొదలుపెట్టారు. అంటే బంతి చవకైంది, నేల ముందునుంచీ ఉమ్మడిదే, ఆ రెండూ కలిసొచ్చాయి. మనకిప్పుడు బంతి చవకే.

గోల్ఫ్‌కి పుట్టిల్లని పేరున్న సెయింట్ ఆండ్రూస్ వెళ్ళకుండా ఎలా అని మావాడు సెప్టెంబర్‌లో తీసుకెళ్ళాడు. అక్కడి ఓల్డ్ కోర్సులో 2024 వేసవి ఫీజు 320 పౌండ్లు, దాదాపు 34 వేల రూపాయలు, పైగా మన ఆట స్థాయి ఎంతో చెప్పే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ చూపించాలి. జీవితంలో ఒక్కసారి అని అప్పుచేసి మరీ ఆడేవాళ్ళున్నారు, వాళ్ళ సరదా నేను కాదనను. నామటుకు నాకు ఒక్కపూట ఆటకంటే ఆర్నెల్ల ఆటే ఎక్కువ. పైగా తెలియాల్సిన విషయం ఇంకోటుంది. ఆదివారం ఆ కోర్సులో ఆట ఉండదు, ఊరందరికీ వదిలేస్తారు. మేం వెళ్ళింది ఆదివారమే. పిల్లలు పరిగెడుతున్నారు, కుక్కలు దొర్లుతున్నాయి, మేం పులిహోర డబ్బా తీసుకుని ఆ చిన్న రాతి వంతెన దాటి నడిచాం. ఆ నేల ఒకప్పుడు ఊరి చేతిలోంచి జారిపోయింది కూడా. 1797లో మున్సిపాలిటీ దివాలా తీసి దాన్ని అమ్మేసింది, తర్వాత అది కుందేళ్ళు పెంచే వ్యాపారుల చేతికి పోయింది, ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల్లోనూ బయటా పోట్లాడారు, చివరికి 1894లో చట్టం చేయించుకుని ఊరు మళ్ళీ కొనుక్కుంది. దగ్గర్లోనే హిమాలయాస్ అని ఎత్తుపల్లాల పటింగ్ మైదానం ఉంది, 1867లో ఆడవాళ్ళు పెట్టుకున్న క్లబ్బుది. ఆ ఊరొచ్చినవాళ్ళెవరైనా పటర్ తీసుకుని కొద్ది పౌండ్లకే ఆడొచ్చని బోర్డు. రాకపోకల ఖర్చుల్లో ఆ ప్రయాణానికి 25, మిగతా బస్సులకి 36, అవీ పైన చెప్పిన 202లోనే ఉన్నాయి.

మా ఆయన మొదట్లో వ్యతిరేకించారు. "నడవడానికి డబ్బెందుకు, ఊరికే నడవొచ్చుగా" అనేవారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏంటంటే, ఊరికే నడిచిన మొదటి రోజుల్లో నాతో ఒక్కరూ మాట్లాడలేదు. చేతిలో కర్ర పట్టుకున్న మొదటి వారంలో నలుగురు మాట్లాడారు. పెద్దాయన ప్రతి మంగళవారం నా కోసం ఆగేవారు. నా ఇంగ్లీషు ఆయనకీ ఆయన ఇంగ్లీషు నాకూ సగమే తెలిసినా, బంతి ఎటు పోయిందో ఇద్దరికీ తెలిసేది. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో పాఠం చెప్పి రిటైరైన మనిషికి పరాయి ఊళ్ళో ఎవరి అమ్మగానో, ఎవరి అత్తగానో కాకుండా తనకంటూ ఒక పని, ఒక పరిచయం ఉండటం ఎంత అవసరమో ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఆగస్టుకల్లా మా ఆయన కూడా వచ్చి జెండా పట్టుకుని నిలబడేవారు.

వాన సంగతి ఎవరైనా అడుగుతారు. అక్కడ గడ్డి వానకే పెరుగుతుంది, ఇక్కడ 18 హోల్స్ పచ్చగా ఉంచాలంటే ఎన్ని నీళ్ళు కావాలి, ఊరికి తాగునీళ్ళకే కష్టంగా ఉంటే అంటారు. ఒప్పుకుంటాను. విశాఖకి ఇంకో పెద్ద కోర్సు కావాలని నేనడగను. ఒక మున్సిపల్ పార్కులో, రెండు బ్యాడ్మింటన్ కోర్టులంత చోటులో, గట్టి దేశవాళీ గరిక వేసి తొమ్మిది గుంతలు తవ్వించి, అద్దెకి పది పటర్లు పెడితే చాలు. ఓపెన్ జిమ్ములకి చోటు దొరికిన పార్కుల్లో దీనికి దొరకదా? వార్డు ఆఫీసులో అర్జీ ఇచ్చాను, తీసుకుని సంతకం పెట్టారు, మళ్ళీ వెళ్ళి అడుగుతాను.

నా మూడు కర్రలు మార్చ్‌మాంట్‌లో మావాడి మంచం కిందే ఉన్నాయి. మా వియ్యపురాలు వచ్చే ఏప్రిల్‌లో వెళ్తున్నారు. మొన్న ఫోన్ చేసి, "నాకు వస్తుందంటారా వదినగారూ?" అని అడిగారు. ఆవిడ నాకంటే నాలుగంగుళాలు పొడుగు, ఏడో నంబర్ పొట్టిదవుతుంది, ఇంకోటి చూడమని కోడలికి చెప్పాను. బంతులు పద్నాలుగు మిగిలాయి. మంగళవారం పొద్దున్న ఏడింటికి వెళ్ళమన్నాను, పెద్దాయన వస్తే నా పేరు చెప్పమన్నాను.